టీవీలో ఆడిన డిస్కు ఎడిటింగ్‌లో ఎందుకు ఆడలేదు: ఒక ఇంటి అయిదు డిస్కుల కేస్ స్టడీ

నేపథ్యం

పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, షష్టిపూర్తుల వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. కొన్నేళ్లుగా దానికి తోడు పాత క్యాసెట్లను, డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కూడా వస్తోంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చిన అయిదు డిస్కుల్లో కనిపించాయి కాబట్టీ, వాటిలో ఒకదాని దగ్గర నేను రెండు రోజులు పూర్తిగా తప్పు దారిలో నడిచాను కాబట్టీ ఈ కేసును రాసిపెడుతున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలేవీ ఇందులో లేవు. ఊరు, బంధుత్వాలు, తేదీలు కొంత మార్చాను.

ఇంటి పెద్దకు షష్టిపూర్తి. ఆయన కొడుకు, ఫంక్షన్ హాల్లో తెర మీద వేయడానికి, తండ్రి జీవితం మీద నలభై నిమిషాల చిత్రం చేయించాలనుకున్నాడు. దానికి మూలసరుకుగా తెచ్చిన డిస్కులు రెండు రకాలవి. మొదటి రెండూ మామూలు 12 సెంటీమీటర్ల డీవీడీ-ఆర్‌లు. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు బూజు పట్టిపోతున్నాయని, టీవీ పక్కన పెట్టుకునే డీవీడీ రికార్డర్‌తో ఇంట్లోనే ఎక్కించుకున్నవి. తక్కిన మూడూ అరచేతిలో ఇమిడే 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు. ఒకప్పుడు అమెరికాలో ఉన్న బంధువు కొనిచ్చిన హ్యాండీక్యామ్‌లో నేరుగా రికార్డయినవి. ఆ క్యామెరా ఇప్పుడు లేదు. ఎవరి చేతికి వెళ్లిందో ఎవరికీ గుర్తు లేదు.

అయిదో డిస్కు మీద మార్కర్‌తో "నాయనమ్మ" అని మాత్రమే రాసి ఉంది. ఆమె గొంతు రికార్డయిన చోటు ఆ ఒక్కటేనని అతను మొదటి రోజే చెప్పాడు. తర్వాత నేను తీసుకున్న చాలా నిర్ణయాలకు ఆ మాటే ఆధారం.

ఎదురైన సమస్య

నా దగ్గరికి రాకముందే అతను సొంతంగా ప్రయత్నించి చూశాడు. డిస్కు తెరిస్తే కనిపించే వీడియో_టీఎస్ ఫోల్డర్‌లోని వీఓబీ అనే వీడియో ఫైళ్లను హార్డ్‌డిస్కులోకి లాగి, వాటి చివరి మూడు అక్షరాలను ఎంపీజీగా మార్చి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. అప్పుడు కనిపించిన లక్షణాలు ఇవి. ఒకటో డిస్కులో బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. రెండో డిస్కు కాపీ తొంభై శాతం దాటాక ఆగిపోయింది, దానితో పాటు అప్పటిదాకా కాపీ అయినదాంట్లో చాలా భాగం పోయింది. అందిన కొద్ది భాగంలో మనుషులు చెరకుగడల్లా సన్నగా సాగిపోయి కనిపించారు. మూడు, నాలుగు డిస్కుల్లో 1 జీబీ ఉన్న ఫైలు నిడివిని ఎడిటర్ నలభై సెకన్లుగా చూపించింది. ఎలాగో పూర్తిగా ఆడించగలిగినప్పుడు, మాట పెదవుల వెనకబడి నడిచింది. అయిదో డిస్కును పెడితే అది ఖాళీ డిస్కని, దాని మీద ఏం రాయమంటారని కంప్యూటర్ అడిగింది.

"మా డీవీడీ ప్లేయర్‌లో పెడితే నాలుగూ టీవీలో చక్కగా ఆడుతున్నాయండీ, కంప్యూటర్‌లోనే ఏదో తేడా" అన్నాడు. అది ఈ కేసులో అతి ముఖ్యమైన ఆధారం. నేను దాన్ని ఆ పూట పట్టించుకోలేదు.

డీవీడీ-వీడియో డిస్కు మీద బొమ్మ, శబ్దం ఉండేది వీఓబీ ఫైళ్లలోనే గానీ, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడాలి అనే సూచనలు పక్కనున్న ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటాయి. టీవీ కింద ఉండే ప్లేయర్ ముందు ఐఎఫ్ఓ చదువుతుంది, దాని ప్రకారం వీఓబీలో అటూ ఇటూ వెళ్తుంది, ముక్క మారిన ప్రతిసారీ తన గడియారాన్ని సరిచేసుకుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఐఎఫ్ఓ అంటే ఏమిటో తెలియదు. దానికి వీఓబీ ఒక పొడవాటి ఫైలు మాత్రమే. టీవీలో ఆడినది ఎడిటింగ్‌లో ఆడకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఇది నాకు తెలియని విషయం కాదు. అయినా పని మొదలుపెట్టేటప్పుడు దీన్ని ఫార్మాట్ సమస్యగా చూశానే తప్ప కాలం సమస్యగా చూడలేదు.

మొదటి ప్రయత్నాలు, అవి తప్పిన తీరు

శబ్దం రాకపోవడం తేలికైన చిక్కు. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో చూస్తే ఒకటో డిస్కులో శబ్దం ఏసీ-3 అనే కుదించిన రూపంలో ఉంది. వీఓబీ అనేది బొమ్మను, శబ్దాన్ని కలిపి మోసే ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమే అయినా, ఏసీ-3 శబ్దం అందులో ప్రైవేట్ స్ట్రీమ్ అనే అరలో కూర్చుంటుంది. ఫైలు పేరు మార్చి లోపలికి పంపినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ అర తెరిచి చూడవు. కొన్నింటికి చూసినా దాన్ని విప్పే డీకోడర్ ఉండదు. ఏసీ-3ని పీసీఎమ్‌గా, అంటే కుదించని 48 కిలోహెర్ట్‌జ్ శబ్దంగా మార్చి ఇవ్వగానే ఆ సమస్య పోయింది.

దాంతో వచ్చిన ధైర్యంతోనే పొరపాటు చేశాను. మూడో, నాలుగో డిస్కుల వీఓబీలను ఒక్కొక్కటిగా కన్వర్టర్‌లో వేసి ఎంపీ4గా మార్చాను. డీవీడీ ప్రమాణం ప్రకారం ఒక్కో వీఓబీ ఫైలు 1 జీబీకి మించకూడదు. అందుకని 1.4 జీబీ చిన్న డిస్కు మీది రికార్డింగ్ రెండు ఫైళ్లుగా తెగుతుంది. ఆ కోత పరిమాణాన్ని బట్టి పడేదే గాని సన్నివేశాన్ని బట్టి పడేది కాదు. రెంటినీ విడివిడిగా మారిస్తే కోత పడిన చోట కొన్ని ఫ్రేములు పోయాయి, శబ్దం టక్కుమంది. కాబట్టి ఆ రెండు ఫైళ్లను ముందు వరుసగా అతికించి ఆ తర్వాతే మార్చాలని నిర్ణయించాను. వీఓబీలను యథాతథంగా ఒకదాని వెనక ఒకటి చేర్చడంలో తప్పేమీ లేదు, అవి మొదట ఒకే ప్రవాహం. కోత దగ్గరి టక్కు పోయింది. కానీ ముప్పై నిమిషాల నాలుగో డిస్కు చివరికి వచ్చేసరికి మాట 1.1 సెకన్లు వెనకబడే ఉంది.

ఇక్కడ నేను చేసిన ఊహ ఇది. క్యామెరా అమెరికాలో కొన్నది కాబట్టి రికార్డింగ్ అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉంది, అంటే సెకనుకు 29.97 ఫ్రేములు. మార్పిడిలో ఎక్కడో దాన్ని 30గా తీసుకుని ఉంటే వెయ్యికి ఒక వంతు తేడా వస్తుంది, గంటకు 3.6 సెకన్లు, అరగంటకు 1.8 సెకన్లు. నాకు కనిపిస్తున్నది 1.1. లెక్క కుదరలేదని అప్పుడే ఆగాల్సింది. ఆగకుండా, మార్పిడిలో మరేదో సర్దుబాటు జరిగి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, మొత్తం శబ్దాన్ని 1.1 సెకన్లు కుదించాను. చివర పెదవులు, మాట కలిశాయి. మొదట్లోనూ బాగానే ఉంది. అది అతనికి పంపాను. మర్నాడు ఫోన్ వచ్చింది: "మధ్యలో మాత్రం తేడాగానే ఉందండీ."

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. శబ్దం కుదించని ఫైలును తీసుకుని, చప్పట్లు, టెంకాయ కొట్టిన చోట్లు, తలుపు వేసిన చోటు, ఇలా చూపుకూ చెవికీ ఒకేసారి అందే క్షణాలను వెతికి, ప్రతి చోటా తేడా ఎంతో కాగితం మీద రాసుకున్నాను. పదో నిమిషం దగ్గర తేడా 0.8 సెకన్లు. పన్నెండో నిమిషం దగ్గర 0.8. పందొమ్మిదో నిమిషం దగ్గరా 0.8. చివర 1.1. పన్నెండు నుంచి పందొమ్మిదో నిమిషం దాకా ఉన్నది ఆపకుండా తీసిన ఒకే షాట్, హారతి పాటలు పాడుతున్న ముత్తయిదువులది. ఫ్రేముల వేగంలో తేడా అయితే ఆ ఏడు నిమిషాల్లో కనీసం 0.4 సెకన్లు కలవాలి. ఏమీ కలవలేదు. మొదటి పది నిమిషాల్లో మాత్రం తీసినవాళ్లు క్యామెరాను ఆన్ చేస్తూ, ఆపుతూ నలభైకి పైగా చిన్న చిన్న ముక్కలు తీశారు. అంటే తేడా నిలకడగా పెరగడం లేదు. ముక్క మారిన చోటల్లా ఒక మెట్టు ఎక్కుతోంది.

కారణం అర్థమయ్యాక చాలా మామూలు విషయంగా తోచింది. క్యామెరాలో రికార్డ్ బటన్ నొక్కి ఆపిన ప్రతిసారీ ఒక కొత్త ముక్క పుడుతుంది, దాని గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1 జీబీ ఫైలు నలభై సెకన్లుగా కనిపించడానికీ ఇదే కారణం. ఆ డిస్కు వేగంలో 1 జీబీ అంటే సుమారు ఇరవై మూడు నిమిషాలు. ఎడిటర్ మాత్రం ఫైలు మొదట్లో ఉన్న గుర్తునూ చివరి ముక్కలో ఉన్న గుర్తునూ చూసి, మధ్యలో ఏం జరిగిందో చూడకుండా తీసివేత చేసింది. ఇక మాట వెనకబడటానికి వస్తే, ఎన్‌టీఎస్‌సీలో ఒక ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు, ఏసీ-3 శబ్దంలో ఒక పొట్లం సరిగ్గా 32 మిల్లీసెకన్లు. ఒక ముక్కలో బొమ్మ ముగిసే క్షణమూ, శబ్దం ముగిసే క్షణమూ కచ్చితంగా ఒకటి కావు. ఈ క్యామెరాలో శబ్దం ప్రతిసారీ కొద్దిగా ఎక్కువగా మిగులుతోంది. ప్లేయర్ అయితే తర్వాతి ముక్క మొదట్లో రెంటినీ మళ్లీ ఒకే గీత మీద నిలబెడుతుంది. నా కన్వర్టర్ గడియారాలను పక్కన పెట్టి, బొమ్మలన్నీ ఒక వరుసలో, శబ్దాలన్నీ ఒక వరుసలో పేర్చింది. నాలుగో డిస్కులో 58 ముక్కలున్నాయి, అంటే 57 అతుకులు. అతుకుకు సగటున 19 మిల్లీసెకన్ల చొప్పున మిగిలితే 1.1 సెకన్లవుతుంది. ఈసారి లెక్క కుదిరింది.

పనిచేసిన దారి

అక్కడి నుంచి పనిని మూడు వేరు వేరు దశలుగా విడగొట్టాను. డిస్కును చదవడం ఒకటి, చదివినదాన్ని ముక్కలుగా విప్పడం ఒకటి, విప్పినదాన్ని ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్చడం ఒకటి. ఒకే బటన్‌తో మూడూ చేసే సాఫ్ట్‌వేర్లతో నాకు వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి మధ్యలో తలుపులేమీ ఉండవు.

చదివే దశలో ఫైళ్లను లాగడం మానేసి, డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టారు (డిస్కు మీది సమాచారపు చిన్న గడి) నుంచి చివరి సెక్టారు దాకా ఒకే ఇమేజ్‌గా, అంటే డిస్కుకు అచ్చు నకలైన ఒకే ఫైలుగా తీశాను. ఇంటి రికార్డింగులు కాబట్టి కాపీ చేయనివ్వని తాళాల గొడవ లేదు. ఒకటి, మూడు, నాలుగు డిస్కులు ఇబ్బంది లేకుండా వచ్చాయి. చిన్న డిస్కులకు ట్రే ఉన్న డ్రైవే వాడాలి. లోపలికి మింగేసే రకం డ్రైవులో 8 సెంటీమీటర్ల డిస్కు పెడితే అది తిరిగి బయటికి రాకపోవచ్చు.

రెండో డిస్కుకు ఎక్కువ సమయం పట్టింది. దాన్ని నాలుగు గంటల మోడ్‌లో అంచు దాకా నింపారు. డీవీడీ లోపలి వలయం నుంచి బయటికి రాయబడుతుంది కాబట్టి, అంచు దగ్గరి గీతలు, వేలిముద్రలు, రంగు మారిన పొర అన్నీ రికార్డింగ్ చివరి భాగాన్నే దెబ్బతీస్తాయి. కాపీ తొంభై శాతం తర్వాత ఆగిపోవడానికి అదే కారణం. మొదట మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంటే సాగుతుంది, వరుసగా ఎక్కువ సమాచారాన్ని చెరుపుతుంది. ఆ తర్వాత, చెడిన డిస్కుల నుంచి సమాచారం రాబట్టే డీడీరెస్క్యూ సాఫ్ట్‌వేర్‌తో, మొదటి విడతలో తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని మొండికేసిన చోట్లను వదిలేయమన్నాను. ఇందులో తర్కం సులువు. పాత డిస్కు ఎంతసేపు చదవనిస్తుందో చెప్పలేం కాబట్టి, చెడిన చోట తల బాదుకునే ముందు మంచి చోట్లన్నీ చేతిలో పడాలి. మామూలు కాపీ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది.

ఏది వచ్చింది, ఏది రాలేదు అనేది డీడీరెస్క్యూ ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ మ్యాప్‌తోనే రెండో విడతను అదే డ్రైవులో, మూడో విడతను పూర్తిగా వేరే కంపెనీ డ్రైవులో చేశాను. ఒక డ్రైవు చదవలేని చోటును ఇంకోటి చదవడం మాకు అనుభవమే, ఈసారీ చాలావరకు అలాగే జరిగింది. చివరికి 208 సెక్టార్లు మిగిలాయి. సెక్టారుకు 2,048 బైట్లు. దోష సవరణ పదహారేసి సెక్టార్ల గుంపులకు జరుగుతుంది, సవరణ చేతులెత్తేస్తే గుంపు గుంపంతా పోతుంది. కాబట్టి మిగిలినవి పదమూడు గుంపులు. బైట్లలో అది అరకొర సంఖ్యే, 416 కిలోబైట్లు. కానీ ఎంపెగ్-2లో ఒక పూర్తి ఫ్రేము మీద ఆధారపడి మరికొన్ని ఫ్రేములు ఉంటాయి. మన టీవీ పద్ధతి అయిన పాల్ డీవీడీలో ఇలా ఒకదానిపై ఆధారపడే ఫ్రేముల గుంపులో పదిహేను ఫ్రేముల వరకు ఉండొచ్చు, అంటే 0.6 సెకన్లు. చిన్న రంధ్రం కూడా తర్వాతి పూర్తి ఫ్రేము వచ్చేదాకా బొమ్మను చెడగొడుతుంది. ఆ పదమూడు చోట్లలో చిత్రానికి అవసరమైనవి మూడే. వాటిలో రెండింటిని అవే నిమిషాల్లోని జనాల షాట్లతో కప్పాను. మూడోదాన్ని అలాగే ఉంచాను. తండ్రి తన కూతురిని మొదటిసారి బడికి తీసుకెళ్తున్న దృశ్యం మధ్యలో అర సెకను గళ్లు పడితే పడనీ అనిపించింది.

విప్పే దశలో, ఇమేజ్‌లోని ఐఎఫ్ఓ చెప్పినట్టు, పీజీసీడీమక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో ముక్కను దాని సొంత సంఖ్య ప్రకారం వేరు ఫైలుగా తీశాను. నాలుగో డిస్కు నుంచి 58 ఫైళ్లు వచ్చాయి. ఒక్కో ఫైలులో గడియారం ఒక్కటే, అతుకు లేదు, అందుచేత తేడా పేరుకునే చోటే లేదు. చివరన మిగిలే 19 మిల్లీసెకన్ల శబ్దం ఏ షాటులోదైనా కోతలో పోతుంది. శబ్దాన్ని సాగదీయాల్సిన అవసరం ఎక్కడా రాలేదు. ఎడిటింగ్‌కు కూడా ఇదే మేలయింది. ఇరవై మూడు నిమిషాల ముద్ద బదులు, క్యామెరా ఆగిన చోటల్లా తెగి ఉన్న షాట్లు చేతికి వచ్చాయి.

మార్చే దశలో ఏ రూపంలోకి అనే ప్రశ్న వచ్చింది. వీఓబీ ముక్కలనే ఎడిటర్‌లో వేయవచ్చు, కొన్ని ఎడిటర్లు తీసుకుంటాయి కూడా. కానీ ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఫైలు టైమ్‌లైన్ మీద వెనక్కీ ముందుకీ జరిపినప్పుడు బరువుగా కదులుతుంది. ఎంపీ4గా మారిస్తే ఆ ఇబ్బంది పోకపోగా ఇప్పటికే నలిగిన బొమ్మ మరోసారి నలుగుతుంది. అందుకే ప్రతి ఫ్రేమూ దేని మీదా ఆధారపడకుండా విడిగా ఉండే ప్రోరెస్ 422 రూపాన్ని, పీసీఎమ్ శబ్దాన్ని ఎంచుకున్నాను. పాల్ సైజులో ఇది సెకనుకు సుమారు 41 మెగాబిట్లు, రెండు గంటలకు దాదాపు 37 జీబీ. ఏడున్నర గంటల సరుకంతా మార్చడం దండగ. ముందు చిన్న సైజు కాపీలు కుటుంబానికి పంపి, వాళ్లు గుర్తు పెట్టిన రెండు గంటల భాగాన్ని మాత్రమే మార్చాను.

ఆకారం దగ్గర ఒక జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఒకటో డిస్కు 720 బై 576. నాలుగు గంటల మోడ్‌లో రాసిన రెండోది 352 బై 576, అంటే రికార్డర్ జాగా ఆదా చేయడానికి అడ్డం సగం చేసింది. ఎడిటర్ దాని పిక్సెళ్లను నలుచదరమనుకున్నందుకే మనుషులు చెరకుగడలయ్యారు. చిన్న డిస్కులు 720 బై 480. ఈ మూడింటి అసలు ఆకారమూ 4:3యే. వాటిని 1080 ఎత్తున్న టైమ్‌లైన్‌లో 1440 వెడల్పుకే ఉంచి, పక్కలు నల్లగా వదిలాను. తెర నిండాలని అడ్డంగా సాగదీయమని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. అలా చేసిన పాత పెళ్లి వీడియోల్లో ఊరు ఊరంతా ఒక్క రోజులో ఒళ్లు చేసినట్టు కనిపిస్తుంది.

ఇంటర్‌లేస్ గీతల గురించి, అంటే ఒక్కో ఫ్రేమును బేసి, సరి గీతల రెండు ఫీల్డులుగా రాసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ఫీల్డుల వరుసను మీడియాఇన్ఫో చెప్పినదాన్ని నమ్మి వదలకుండా, కదలిక ఉన్న ఒక షాటును ఫీల్డు ఫీల్డుగా ముందుకు జరిపి చూసుకున్నాను. వరుస తప్పితే నడిచే మనిషి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు వణుకుతాడు. ప్రోరెస్‌లో ఇంటర్‌లేస్‌ను అలాగే ఉంచి, చిత్రంలోకి వచ్చే షాట్లకు మాత్రమే రెట్టింపు వేగంతో డీఇంటర్‌లేస్ చేశాను, అంటే ఒక్కో ఫీల్డునూ ఒక్కో పూర్తి ఫ్రేముగా మార్చాను. టైమ్‌లైన్‌ను సెకనుకు 50 ఫ్రేములకు పెట్టాను. పాల్ కదలిక పూర్తిగా నిలిచింది. ఎన్‌టీఎస్‌సీ షాట్లలో సుమారు ఆరు ఫ్రేములకు ఒకటి జారిపోయింది. అవి ఎక్కువగా కూర్చుని మాట్లాడుకునే దృశ్యాలు కాబట్టి అది ఎవరికీ కనిపించదని అంచనా వేశాను.

అయిదో డిస్కు

దీన్ని కావాలనే చివరికి ఉంచాను. తక్కిన నాలుగింటి మీద చేతులు కుదురుకున్నాకే దాన్ని ముట్టుకోవాలనుకున్నాను.

అది ఖాళీ డిస్కు కాదు. అడుగు వైపు వెలుతురులో వంచి చూస్తే లోపలి వలయం నుంచి సగానికి పైగా రంగు మారి ఉంది, అంటే అంతవరకు లేజర్ రాసింది. దాన్ని ఫైనలైజ్ చేయలేదు. క్యామెరా ఇలాంటి డిస్కు మీద మొదట్లో కొంత జాగాను ఫైళ్ల పట్టికకూ ఐఎఫ్ఓలకూ అట్టేపెట్టి, దాని తర్వాత వీడియో రాసుకుంటూ పోతుంది. ఫైనలైజ్ చేసినప్పుడే ఆ జాగా నిండుతుంది, చివర ముగింపు గుర్తు పడుతుంది. అది జరగనంతవరకు బయటి ప్లేయర్లకూ, కంప్యూటర్లకూ అందులో ఏమీ కనిపించదు.

మూడు దారులున్నాయి. అదే రకం హ్యాండీక్యామ్‌ను ఎక్కడైనా సంపాదించి దానిలో ఫైనలైజ్ చేయడం ఒకటి. అలాంటి క్యామెరాలోనే ఆడించి, పసుపు, ఎరుపు, తెలుపు కేబుళ్ల ద్వారా అనలాగ్‌గా పట్టుకోవడం రెండోది. కంప్యూటర్ డ్రైవు నుంచి పచ్చి సెక్టార్లను చదవడం మూడోది. అందరూ చెప్పేది మొదటి దారే. కుదిరితే అది అన్నిటికంటే శుభ్రమైన ఫలితం ఇస్తుంది. నేను దాన్ని చివరికి నెట్టాను, ఎందుకంటే ఆ ఒక్క దారిలోనే డిస్కు మీద రాయాల్సి వస్తుంది. పదిహేనేళ్లకు పైగా వాడని క్యామెరా లేజరు, ముసలి బ్యాటరీ, పాతబడిన డిస్కు పొర, ఈ మూడూ కలిసి ఫైనలైజ్ మధ్యలో మొరాయిస్తే తిరిగి రావడానికి దారి లేదు, రెండో కాపీ లేదు. చదవడం మాత్రమే చేసే దారులన్నీ మూసుకుపోయాకే రాసే దారి తెరవాలన్నది ఆ రోజు పెట్టుకున్న నియమం. కంప్యూటర్ "ఏం రాయమంటారు" అని అడిగినప్పుడు అతను పొరపాటున సరే అననందుకు లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

డీడీరెస్క్యూ ఇక్కడ ఉపయోగపడలేదు. డిస్కు పరిమాణాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చెబితే గాని దానికి తెలియదు, సిస్టమ్ ఏమో ఏమీ లేదంటోంది. మొదటి డ్రైవు డిస్కును గుర్తించనే లేదు. రెండో డ్రైవులో, డిస్కును నేరుగా చదివే ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా ముగించని ఒక సెషన్‌ను (ఒక విడత రాతను), దానిలో రెండు ట్రాకులను చూపించింది. మొదటి ట్రాకు చదవబోతే అన్నీ దోషాలే. ఒక గంట నిరాశపడ్డాక, అది అట్టేపెట్టిన జాగా కదా, అందులో రాసింది ఏమీ లేనప్పుడు చదవడానికి ఏముంటుందని తట్టింది. రెండో ట్రాకును మొదటి నుంచి చివరిదాకా అత్యల్ప వేగంతో తీశాను. దోషం లేకుండా వచ్చింది. బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో చూస్తే ప్రతి 2,048 బైట్లకు ఎంపెగ్ పొట్లం మొదలయ్యే గుర్తు వరుసగా కనిపించింది. వీఎల్‌సీలో వేస్తే, పెరట్లో మంచం మీద కూర్చున్న ఒక ముసలావిడ క్యామెరా వైపు చేయి ఊపుతూ, "ఆపరా అది, చీర కూడా మార్చుకోలా" అంది.

ఇక్కడ ఐఎఫ్ఓ లేదు, కాబట్టి ముక్కలు ఎక్కడ తెగుతాయో చెప్పే పట్టికా లేదు. అయితే నాలుగో డిస్కు నేర్పిన పాఠమే ఇక్కడ పనిముట్టయింది. ప్రతి పొట్లంలోనూ గడియారం ఉంటుంది, అది ఒక్కసారిగా వెనక్కి దూకిన చోటల్లా రికార్డ్ బటన్ మళ్లీ నొక్కారని అర్థం. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పొట్లాల సమయాలన్నీ జాబితాగా తీసి, వెనక్కి దూకిన చోట్లు వెతికితే పదకొండు దొరికాయి. అక్కడ కోసి పన్నెండు ముక్కలు చేశాను. అన్నింటిలోనూ మాట, పెదవి కలిసే ఉన్నాయి.

ఇందులో నేను మార్చుకున్నవి

మొదటి మార్పు, శబ్దం తేడా అనే ఫిర్యాదు వస్తే ఒక్క చోట కొలవడం మానేశాను. కనీసం నాలుగు చోట్ల కొలుస్తాను, వాటిలో ఒకటి ఆపకుండా తీసిన పొడవాటి షాటు మొదట్లో, ఇంకోటి దాని చివర్లో ఉండేలా చూసుకుంటాను. తేడా నిలకడగా పెరిగితే వేగంలో తప్పు, మెట్లుగా పెరిగితే అతుకుల్లో తప్పు, అంతటా ఒకేలా ఉంటే మొదట్లోనే జరిగిన జరుగుడు. మూడింటికీ మందు వేరు. నేను రెండో రోగానికి మొదటి మందు వేశాను. చివరి ఒక్క చోటే చూసుకున్నాను కాబట్టి నయమైందనుకున్నాను.

రెండోది, డిస్కులు తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నలు మారాయి. ఇదివరకు ఎన్ని గంటలుంది, ఎప్పటికి కావాలి అని అడిగేవాణ్ణి. ఇప్పుడు దేనితో రికార్డ్ చేశారు, ఆ పరికరం ఇంకా ఉందా, దాన్ని ఎక్కడ కొన్నారు అని అడుగుతాను. పరికరం ఏదో తెలిస్తే ఫైనలైజ్ సంగతి, ముక్కల సంగతి ముందే ఊహించవచ్చు. ఎక్కడ కొన్నారో తెలిస్తే పాల్, ఎన్‌టీఎస్‌సీ తేలిపోతుంది. మన దగ్గర విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన క్యామెరాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో తలచుకుంటే ఈ మూడో ప్రశ్న చిన్నదేమీ కాదు. ఫలానా డిస్కు పోతే మళ్లీ దొరకనిదా అని కూడా అడుగుతాను, అలాంటిది ఉంటే దాన్ని ఆఖర్న తీస్తాను.

ధర చెప్పే పద్ధతి కూడా మారింది. డిస్కుకు ఇంత అని చెప్పేవాణ్ణి. ఒకటో డిస్కుకు గంటలో అయిపోయిన పని రెండో డిస్కుకు మూడు రాత్రులు పట్టిందని చూశాక, చదివే పనికి ఒక లెక్క, విప్పి మార్చే పనికి ఒక లెక్క చెబుతున్నాను. చదవడం కుదరకపోతే రెండో లెక్క ఉండదు.

చిత్రం అనుకున్న రోజుకు తెర మీద ఆడింది. కుటుంబానికి దానితో పాటు ఒక హార్డ్‌డిస్కు ఇచ్చాను. అందులో నాలుగు ఇమేజ్‌లు, అయిదో డిస్కు పచ్చి ట్రాకు, ముక్కలు, రెండో డిస్కు తాలూకు మ్యాప్ ఫైలు ఉన్నాయి. ఇక డిస్కులు పారేయవచ్చా అని అతను అడిగాడు. ఒకటి, మూడు, నాలుగు మీ ఇష్టమన్నాను. రెండోదానిలో 208 సెక్టార్లు ఇంకా బాకీ ఉన్నాయి, రేపు ఇంకో మంచి డ్రైవు దొరికితే ఆ మ్యాప్ పట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు కాబట్టి దాన్ని ఉంచమన్నాను. అయిదో డిస్కు గురించి అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దాన్ని అప్పటికే విడిగా ఒక గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.